ఎనిమిది చుట్లకు మించి తిప్పకండి

దుకాణం ఉన్న భవనాన్ని కూల్చేస్తున్నామని యజమాని నెల గడువిచ్చాడు. గడియారాల మేస్త్రి ఆ నెలలో ఇరవై తొమ్మిది రోజులు ఎప్పటిలాగే కంటికి అద్దం తగిలించుకుని రిపేర్లు చేసుకున్నాడు. ముప్పయ్యో రోజున చిన్న లారీ ఒకటి మాట్లాడి, ముప్పై ఎనిమిది గోడ గడియారాలను ఇంటికి తోలుకొచ్చాడు. అవి రిపేరుకు వచ్చినవి కావు. నలభై ఏళ్లుగా పాత సామాను కొట్లలోనూ, ఇళ్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గరా ఒక్కొక్కటే కొని, బాగుచేసి, తీరా అమ్మబోయేసరికి మనసొప్పక ఉంచేసుకున్నవి.

ఆయన భార్య పోస్టాఫీసులో పార్శిళ్ల కౌంటరు దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైంది. ఆవిడ ముద్ర కొడితే పక్క కౌంటరు మీద పెన్ను ఎగిరిపడేది. అందుకని తోటివాళ్లు ముద్రమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరే వీధిలోనూ స్థిరపడిపోయింది.

రెండు గదులూ వంటిల్లూ ఉన్న ఇల్లు అది. హాలు గోడలు మొదటి పూటకే నిండిపోయాయి. తర్వాత ఫ్రిజ్ మీద రెండు, స్నానాల గది బయట ఒకటి, పడకగది తలుపు వెనక ఒకటి చేరాయి. భోజనాల బల్ల చుట్టూ ఉన్న నాలుగు కుర్చీల్లో మూడింటి మీద గడియారాలు కూర్చున్నాయి. ఏ రెండూ ఒకే టైము చూపించవు. పన్నెండు కొట్టడం మొదలుపెడితే ఒకదాని వెనక ఒకటి అందుకుని, ఆఖరుది ముగించేసరికి పద్నాలుగు నిమిషాలు పట్టేది.

"ఏమండీ, ఇంట్లో మనుషులిద్దరం. గంటలు కొట్టేవి ముప్పై ఎనిమిది. ఎవరో ఒకరు బయటికి వెళ్లాలి," అంది ముద్రమ్మ నాలుగో రోజున.

"ఒకటి రెండు అమ్ముదాంలే," అన్నాడు మేస్త్రి. చెల్లెలికి ఫోను చేయమని మాత్రం అనలేదు. ఆ పని ముద్రమ్మే చేసింది.

మేస్త్రి చెల్లెలు రెండు వీధుల అవతల ఉంటుంది. ఇంట్లో వాడని వస్తువు కంటపడితే చాలు, యాప్‌లో పెట్టి అమ్మేస్తుంది. వాళ్లాయన వాకింగుకి వెళ్లొచ్చేలోపు ఆయన పడక కుర్చీ అమ్మేసిన మనిషి. ఆవిడ వచ్చీ రాగానే కుర్చీ మీది గడియారాన్ని కింద పెట్టి, కూర్చుని, వదిన ఫోనులో ఖాతా తెరిచి, ఒక చెక్క గడియారాన్ని నాలుగు ఫొటోలు తీసి, చకచకా రాసేసింది.

"విను వదినా. 'అద్భుతమైన పురాతన గడియారం. అచ్చం కొత్తదానిలా నడుస్తుంది.' ఎలా ఉంది?"

"పురాతనమైనది కొత్తదానిలా ఎలా నడుస్తుందే?" అన్నాడు మేస్త్రి. "నువ్వు పురాతనం కాకపోయినా కొత్తదానిలా నడవడం లేదు కదా. ఇలా ఇవ్వు, నేను చెప్తా, రాయి."

ఆయన గడియారాన్ని ఒళ్లో పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. చలికాలంలో ఆరు. కుడివైపు కింద చెక్క చిట్లితే అతికించాను, దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఒంటిగంటకు అప్పుడప్పుడూ రెండు కొడుతుంది, కారణం నాకు చిక్కలేదు.

చెల్లెలు వేలు ఆపేసింది. "అన్నయ్యా, ఇది అమ్మకమా, దాని మీద ఫిర్యాదా? ఇలా రాస్తే పూచికపుల్ల పెట్టి కూడా ఎవడూ కొనడు."

"రాయనీ," అంది ముద్రమ్మ. "ఉన్న లోపాలు మనమే చెప్పేస్తే, లేని లోపాలు రేపు వాళ్లు కనిపెట్టలేరు. పార్శిల్ మీద 'లోపల గాజు' అని రాయనివాళ్లే పగిలాక నా కౌంటరు మీద పడి ఏడ్చేవాళ్లు."

మరో రెండింటికి కూడా అదే ధోరణిలో రాసి పెట్టారు. మర్నాడు పొద్దున్నే, చెల్లెలు వచ్చి కూర్చున్నాక, ముద్రమ్మకు ఫోను వచ్చింది. గొంతు గంభీరంగా ఉంది.

"మేడమ్, నేనొక పెద్ద హోటల్‌కి సామాన్లు కొనే అధికారిని. మీ గడియారాలు మూడూ తీసుకుంటున్నాం. బేరం ఆడను. డబ్బు ఇప్పుడే పంపిస్తున్నా. మీ ఫోనుకి ఒక గళ్ల బొమ్మ వస్తుంది. స్కాన్ చేసి, మీ పిన్ నంబరు నొక్కండి, అంతే."

"నంబరు నేనెందుకు నొక్కాలి?"

"నొక్కితేనే కదా మేడమ్ డబ్బు మీ ఖాతాలో పడేది."

ముద్రమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇచ్చేవాడు తన పెట్టె తాళం తీయాలి గానీ, పుచ్చుకునేవాడు తన తాళం తీయడమేంటి నాయనా? సరే, అది తర్వాత చూద్దాం. ముందు హోటల్ చిరునామా చెప్పండి, రాసుకుంటా. ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పండి."

అతను చెప్పాడు. ఆవిడ తిరిగి చదివింది. వీధి పేరులో ఒత్తు ఉందా లేదా అని అడిగింది. తీసుకునేవారి తండ్రి పేరు అడిగింది. లోపల ద్రవపదార్థాలు, పేలుడు పదార్థాలు లేవని తన తరఫున తానే చెప్పి, అతని చేత సరే అనిపించింది. ఇరవై నిమిషాలు గడిచాక, "ఇప్పుడు మొదటి నుంచి ఒకసారి సరిచూద్దాం," అనేసరికి అతనే ఫోను పెట్టేశాడు.

"పెద్ద బేరం పోగొట్టావేమో వదినా," అని మేస్త్రి చెల్లెలు అనబోయి ఆగింది. కాసేపు గోళ్లు చూసుకుంది. "పోయిన నెల నా మిక్సీ అమ్మేటప్పుడు నేను నొక్కాను," అంది మెల్లగా. "మా ఆయనకి చెప్పకు."

ముద్రమ్మ ప్రకటనలో ఆడపడుచు పెట్టిన ఫోను నంబరును తీసేయించింది. ఇకమీదట మాటలన్నీ యాప్ లోపలే, రాతలోనే జరగాలని చెప్పింది.

ఆడపడుచు జోస్యం తప్పింది. వారం తిరిగేసరికి మొదటి గడియారం అమ్ముడైంది. కొన్నావిడ, "చెప్పినట్టే ఒంటిగంటకు రెండు కొట్టింది. మాట మీద నిలబడే మనుషులు," అని అయిదు చుక్కలు ఇచ్చింది. ఆ మాట చూసి ఇంకొకరు కొన్నారు. ఆ ప్రకటనలు చదవడానికే కొందరు యాప్‌లోకి వస్తున్నారని ఆడపడుచు కనిపెట్టి, కాస్త నొచ్చుకుంది కూడా.

ప్యాకింగు ముద్రమ్మ రాజ్యం. లోలకం విడిగా తీసి గుడ్డలో చుట్టాలి. ముళ్లు కదలకుండా కాగితం కట్టాలి. పెట్టెలో పెట్టి ఊపితే చప్పుడు రాకూడదు. ఇదంతా ఎక్కడా ఆపకుండా వీడియో తీయాలి. వీడియోలో గడియారాన్ని చూపించే పని మేస్త్రికి అప్పగించింది. ఆయన పిల్లను హాస్టల్లో దింపే తండ్రిలా మాట్లాడేవాడు. ఏ చక్రం ఎప్పుడు మార్చాడో, ఏ స్ప్రింగుది ఎలాంటి మనస్తత్వమో చెప్పి గానీ మూత వేయనిచ్చేవాడు కాదు. వెనక రేకు మీద, రిపేరు చేసిన ప్రతిసారీ సూదితో గీకిన తేదీనీ, తన గుర్తయిన అర్ధచంద్రాన్నీ కూడా చూపించేవాడు.

ఏడోసారి అమ్ముడైంది ఎనిమిది పలకల గడియారం. దాన్నుంచి దృష్టి మరల్చడానికి మేస్త్రికి మూడు రోజులు పట్టింది. కొన్న మనిషి యాప్‌లో పెట్టుకున్న పేరు టిక్‌టిక్ అరవై రెండు. అందరిలా రేటు తగ్గించమని అడగలేదు. "రెండో చక్రానికి ఎన్ని పళ్లు? మధ్య ఇరుసు మార్చారా?" అని రాశాడు.

మేస్త్రి ముఖం వెలిగిపోయింది. "చూశావా? మనిషంటే ఇతను." కూర్చుని పేజీడు జవాబు చెప్పాడు. ముద్రమ్మ టైపు చేసింది. రెండో చక్రంలో అరిగిన రెండు పళ్లను ఇత్తడితో నింపాననీ, స్ప్రింగు పాతది కాబట్టి ఎనిమిది చుట్లకు మించి కీ తిప్పవద్దనీ ప్రకటనలో ఉన్నదే మళ్లీ రాయించాడు. ఆ గడియారం ప్యాకింగు వీడియో పందొమ్మిది నిమిషాలు వచ్చింది.

పార్శిల్ చేరిన అయిదో రోజున యాప్‌లో ఎర్ర అక్షరాలు కనిపించాయి. గడియారం నడవడం లేదు. ప్రకటనలో చెప్పినట్టు లేదు. వస్తువు తిప్పి పంపుతున్నాను, డబ్బు వెనక్కి ఇవ్వండి.

మేస్త్రి రెండుసార్లు చదివించుకున్నాడు. "దారిలో దెబ్బ తగిలి ఉంటుంది," అన్నాడు. ఆ పూట అన్నం ముందు కూర్చుని వేళ్లతో గీతలు గీసి లేచాడు.

తిరుగు పార్శిల్ తెచ్చిన కొరియర్ మనిషి హడావిడిగా ఉన్నాడు. సంతకం చేయమని కాగితం చాపాడు. ముద్రమ్మ లోపలికి వెళ్లి తూకం యంత్రం తెచ్చి గుమ్మంలో పెట్టింది.

"అమ్మా, ఇంకా పద్దెనిమిది ఇళ్లకి వెళ్లాలి."

"ఇది పందొమ్మిదోది అనుకో. పెట్టు దాని మీద."

వెళ్లినప్పటి రసీదులో నాలుగు కిలోల ఆరు వందల యాభై గ్రాములు. తిరిగొచ్చింది మూడు కిలోల రెండు వందలు. ముద్రమ్మ సంతకం పక్కనే "తూకం తక్కువ" అని రాసి, అంకె వేసి, కొరియర్ మనిషి చేత కూడా పొట్టి సంతకం పెట్టించింది. తర్వాత ఫోనును పచ్చడి జాడీకి ఆనించి, వీడియో మొదలుపెట్టి, అప్పుడు పెట్టె కోసింది.

చెక్క పెట్టె అదే. డయలు అదే. ముళ్లు అవే. మేస్త్రి వెనక తలుపు తెరిచి చూసి, చెయ్యి అక్కడే ఆపేశాడు. లోపల ఇత్తడి మిషను ఉండాల్సిన చోట అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బ్యాటరీ మిషను ఉంది.

ఆయన అద్దం కంటికి తగిలించుకుని స్క్రూలన్నీ ఒక్కొక్కటే చూశాడు.

"దొంగే," అన్నాడు చివరికి. "కానీ పనిమంతుడు. ఒక్క స్క్రూ తల మీద కూడా గాటు పడనివ్వలేదు. చూడు."

"మెచ్చుకోలు తర్వాత," అంది ముద్రమ్మ. ఆవిడ ముఖం ఎర్రబడింది. ముప్పై ఒక్క ఏళ్లలో తన కౌంటరు మీంచి ఒక్క పార్శిల్ తప్పిపోలేదు. సొంత ఇంటి పార్శిల్లోనే చెయ్యి పెట్టారన్నది ఆవిడకు మింగుడు పడలేదు. హాల్లో ఖాళీ పెట్టెను పాత బనీను గుడ్డతో తుడుస్తూ కూర్చున్న మొగుణ్ణి చూశాక ఆ కోపం ఇంకో మెట్టు ఎక్కింది.

కస్టమర్ కేర్‌లో పలికింది ఓపికైన ఆడగొంతు. ముద్రమ్మ రెండు రసీదులు, రెండు వీడియోలు, ప్రకటన, పళ్ల చక్రం మీద జరిగిన సంభాషణ అన్నీ పంపింది.

"మేడమ్, ప్యాకింగు వీడియో పందొమ్మిది నిమిషాలుంది. ముఖ్యమైన భాగం ఎక్కడ వస్తుందో చెప్తారా?"

"మొత్తం ముఖ్యమే తల్లీ."

మూడు రోజుల తర్వాత ఆ అమ్మాయే ఫోను చేసింది. వీడియో మొత్తం చూశామనీ, పదకొండో నిమిషంలో చంద్రుడి గుర్తూ తేదీ స్పష్టంగా ఉన్నాయనీ, తిరిగొచ్చినదానిలో ఆ మిషను లేదనీ తేల్చామంది. కొన్నతనికి డబ్బు వెనక్కి వెళ్లదు. అతని ఖాతా ఆపేశారు. అమ్మినవాళ్ల డబ్బు అమ్మినవాళ్లకే.

"మేడమ్, ఇంకో మాట. ఇది ఆఫీసు పని కాదు. సార్ పక్కనున్నారా? మా నాన్నగారి గడియారం మధ్యాహ్నం మూడింటికే ఆగిపోతోంది."

మేస్త్రి ఆ అమ్మాయితో అరగంట మాట్లాడాడు.

వ్యవహారం అక్కడితో ముగిసిందని ముద్రమ్మ అనుకుంది. మర్నాడు ఆవిడ కూరగాయలకు వెళ్లగానే మేస్త్రి తిరుగు పార్శిల్ అట్టపెట్టెను బయటికి తీశాడు. పంపినవారి నంబరు దాని మీద ఉంది. రెండుసార్లు నంబరు నొక్కి, రెండుసార్లు చెరిపి, మూడోసారి చేశాడు.

"బాబూ, నేను గడియారాల మేస్త్రిని. ఎనిమిది పలకల గడియారం మాదే. ఫోను పెట్టేయకు, గొడవకి చేయలేదు. ఒక్క మాట చెప్దామని. మిషను నీ దగ్గరుంది కదా. నింపిన పళ్ల దగ్గర నూనె ఎక్కువ వేయకు. కీ మాత్రం ఎనిమిది చుట్లే."

అవతల ఎక్కడో కుర్చీ జరిపిన చప్పుడు.

"వింటున్నావా?"

"వింటున్నా సార్." గొంతు పీలగా వచ్చింది. "తొమ్మిదోది సగంలో ఉండగా తెగిపోయింది."

"రాశాను కదా బాబూ. రెండు చోట్ల రాశాను."

"చదివాను సార్. ఈ రకానికి మేం ఎప్పుడూ పది ఇచ్చేవాళ్లం."

"అవి కొత్త స్ప్రింగులు. దీని వయసెంతో తెలుసా?" అని మేస్త్రి గొంతు పెంచి, మళ్లీ తగ్గించాడు. "సరే. ఎందుకు చేశావు ఈ పని?"

అతను చెప్పుకొచ్చాడు. అతనిదీ గడియారాల రిపేరు కొట్టే. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ ఇదే రకం గడియారం తెచ్చిచ్చింది. విప్పుతుండగా చేయి జారి, కింద పడి, చక్రాలను పట్టి ఉంచే లోపలి పలక పగిలింది. ఆ భాగం ఎక్కడా దొరకలేదు. ఆవిడ రోజూ పది గంటలకు వచ్చి, కొట్లో స్టూలు మీద కూర్చుని, పేపరు మొత్తం పైకి చదివి, "ఇంకా కాలేదా?" అని అడిగి వెళుతుంది. అలా రెండు నెలలు. అదే మిషను ఉన్న గడియారం యాప్‌లో కనబడేసరికి దుర్బుద్ధి పుట్టింది.

"తప్పే సార్. ఆవిడ ఇప్పుడు వార్తలయ్యాక సంపాదకీయం కూడా చదువుతోంది."

అప్పుడే తలుపు తోసుకుని ముద్రమ్మ వచ్చింది. చేతిలో సంచీ, సంచీలోంచి తొంగిచూస్తున్న కాడలు. "ఎవరితో?" అంది.

మేస్త్రికి అబద్ధం చేతకాదు. "మన దొంగతో," అన్నాడు.

ముద్రమ్మ సంచీ కింద పెట్టి, ఫోను అందుకుని, స్పీకరు నొక్కింది.

"బాబూ, నీకు పలక కావాలని రాస్తే మా ఆయన వెతికిచ్చేవాడు. డబ్బు కూడా అడిగేవాడు కాదేమో. ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు, తెలుసా నీకు?"

"తెలియదమ్మా."

"తెలియాలనే చెప్తున్నా."

అవతలివాడు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ముద్రమ్మ కాస్త మెత్తబడింది గానీ గొంతులో చూపించలేదు. "ఇప్పుడేం చేస్తావు?"

"స్ప్రింగు ఎక్కించడం నాకు రాదమ్మా. ఈ రకం చుట్టేవాళ్లు ఎవరూ లేరు."

"నాకు వచ్చు," అన్నాడు మేస్త్రి పక్కనుంచి. ముద్రమ్మ ఆయన వైపు ఒక చూపు చూసింది. ఆయన గోడ వైపు చూశాడు.

"పంపు," అంది ముద్రమ్మ చివరికి. "కానీ నా పద్ధతిలో. నువ్వు పెట్టెలో పెట్టేది వీడియో తీయి. తూకం రసీదు మీద వేయించు. మేం తెరిచేది మేం తీస్తాం. రిపేరుకు ఎంతయ్యేదీ ముందే రాతలో చెప్తాం, నువ్వు రాతలోనే ఒప్పుకో. ఇంకో సంగతి. డబ్బు నువ్వు ఇచ్చేశావు కాబట్టి మిషను నీదే. చెక్క పెట్టె కూడా లెక్క ప్రకారం నీదే. అది పంపమంటావా?"

"వద్దమ్మా. దాన్ని చూస్తే సిగ్గేస్తుంది. కూలి కింద ఉంచేసుకోండి."

"ఆ మాట కూడా రాసి పంపు. నీ ప్లాస్టిక్ మిషను మాత్రం తిప్పి పంపిస్తాను. పరాయి సొమ్ము మాకొద్దు."

మిషను వచ్చింది. ముద్రమ్మ తూచింది. గ్రాము తేడా లేదు. మేస్త్రి తెగిన స్ప్రింగును తీసి, ఇంట్లో ఉన్న ఇంకో పాత మిషనులోంచి సరిపోయేది ఎక్కించడానికి నాలుగు రోజులు తీసుకున్నాడు. ఆ నాలుగు రోజులూ మధ్యాహ్నం పూట అవతలివాడు ఫోను చేసి, ఎలా ఎక్కిస్తున్నారో అడిగి తెలుసుకునేవాడు. మూడో రోజున స్ప్రింగుకు ఏ నూనె మంచిదన్న దాని మీద ఇద్దరికీ మాటామాటా పెరిగింది.

"దొంగతో పోట్లాడేవాళ్లని చూశాను గానీ, దొంగతో నూనె గురించి పోట్లాడేవాళ్లని మిమ్మల్నే చూశాను," అంది ముద్రమ్మ.

"వాడికి నూనె సంగతి తెలీదు," అన్నాడు మేస్త్రి ఇంకా కోపంగా.

మిషను తిరిగి వెళ్లింది. హెడ్‌మిస్ట్రెస్ గడియారం నడిచింది. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇదే పని రెండు నెలల కిందట చేయలేకపోయారా?" అని అడిగిందట. అతను ఆ మాట ఫోనులో చెప్పినప్పుడు మేస్త్రి స్టూలు మీద కూర్చుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు.

ఇక మిగిలింది ఖాళీ పెట్టె. ఈసారి ప్రకటన ముద్రమ్మ తనే రాసింది. ఎనిమిది పలకల చెక్క గడియారం పెట్టె. లోపల మిషను లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే చాలాసేపు పడుతుంది. తలుపు కొంచెం వదులు.

రెండు రోజుల్లో ఒక నర్సు కొనుక్కుంది. గోడకు తగిలించుకుని మందులు పెట్టుకుంటుందట. తలుపు వదులంటే చీమలు దూరతాయా అని మాత్రం అడిగింది.

మేస్త్రి ఆ ప్రశ్న చదివించుకుని, కాసేపు ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి, ఉన్ని గుడ్డ ఒకటి వెతికి, సన్నటి పట్టీలుగా కోసి, తలుపు అంచుల చుట్టూ అతికించడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నమంతా ఆ పని మీదే ఉన్నాడు. తలుపు వేసి, తీసి, మళ్లీ వేసి, చెవి ఆనించి విన్నాడు.

"ఇప్పుడు చీమ కాదు కదా, చీమ తలవెంట్రుక కూడా దూరదు," అన్నాడు. "వీడియో తీయి."

"చీమకి తలవెంట్రుకలుంటాయా?" అంటూ ముద్రమ్మ ఫోను తీసింది.